చిత్రం నుంచి పాటకు: డాన్ మెక్లీన్ ‘విన్సెంట్’ గీతంలో చిత్రదర్శనం – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఒక వర్ణచిత్రం పాప్ పాటకు ప్రేరణగా నిలిచినప్పుడు ఆ చిత్రంలోని ఏ అంశాలు పాటలోకి వస్తాయి, ఏవి రావు, వచ్చినవి ఏ మార్పుకు లోనవుతాయి అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాప్ గీతాలు చిత్రకళను స్వీకరించే తీరును ఉపమానం, నామగ్రహణం, వృత్తాంతం, సంబోధన అనే నాలుగు పద్ధతులుగా వర్గీకరించి, నాలుగో పద్ధతికి ఉదాహరణగా విన్సెంట్ వాన్ గో చిత్రం ‘ది స్టారీ నైట్’ (1889) ఆధారంగా అమెరికన్ గాయకరచయిత డాన్ మెక్లీన్ రచించిన ‘విన్సెంట్’ (1971) గీతాన్ని విశ్లేషిస్తుంది. ఈ గీతం చిత్రాన్ని వర్ణించడం కంటే చిత్రకారునితో మాట్లాడటానికే ప్రాధాన్యమిచ్చిందనీ, అందుకోసం చిత్రంలోని ప్రధానాంశాలను విడిచిపెట్టి, చిత్రకారుని మరణాన్ని చిత్రంలోని రాత్రితో ముడిపెట్టిందనీ నిరూపించడం ఈ వ్యాసలక్ష్యం.

కీలకపదాలు: చిత్రకళ, పాప్ గీతం, చిత్రవర్ణన, వాన్ గో, డాన్ మెక్లీన్, చిత్రసూత్రం, సంబోధన.

1. ఉపోద్ఘాతం

లలితకళల మధ్య పరస్పర ప్రభావం కొత్త విషయం కాదు. కావ్యాన్ని చదివి చిత్రకారుడు బొమ్మ గీయడం, రాగాన్ని విని రాగమాలా చిత్రాలను రచించడం భారతీయ సంప్రదాయంలో సుప్రసిద్ధాలు. దీనికి విపర్యయంగా, గీసిన బొమ్మను చూసి పాట కట్టడం కూడా ఉంది. అయితే సాహిత్యవిమర్శ ఈ రెండో మార్గాన్ని ప్రధానంగా కావ్యాలకే పరిమితం చేసి చర్చించింది. హోమర్ ‘ఇలియడ్’ పద్దెనిమిదో సర్గలోని అకిలీస్ డాలు వర్ణన, కీట్స్ గ్రీకు కలశం మీద రాసిన గేయం, బ్రూగెల్ చిత్రాన్ని ఆధారం చేసుకొని ఆడెన్ రాసిన కవిత ఈ చర్చలో తరచుగా ఉదాహరణలవుతుంటాయి. పాశ్చాత్య విమర్శకులు దీనిని ‘ఎక్‌ఫ్రాసిస్’ అన్నారు. తెలుగులో దీనిని ‘చిత్రవర్ణన’ అని వ్యవహరించవచ్చు.

జనాదరణ పొందిన పాటలకు ఈ చర్చలో తగిన స్థానం లభించలేదు. పాప్ పాట మూడు నాలుగు నిమిషాల్లో ముగియాలి. ఒక్కసారి విన్నా అర్థం కావాలి. చిత్రాన్ని ఎన్నడూ చూడని శ్రోతకు సైతం అందాలి. ఈ నిర్బంధాల మధ్య చిత్రం పాటగా మారేటప్పుడు జరిగే మార్పులు ముద్రిత కవిత్వంలో జరిగే మార్పుల వంటివి కావు. పైగా కవితను చదివేవారు వేలల్లో ఉంటే, పాటను వినేవారు కోట్లలో ఉంటారు. అందువల్ల ఒక పాట ఒక చిత్రానికి చెప్పిన అర్థమే కాలక్రమంలో ఆ చిత్రానికి స్థిరమైన అర్థంగా నిలిచిపోయే అవకాశం ఉంది. ఈ కారణంగా అటువంటి పాటను విమర్శనాత్మకంగా పరిశీలించవలసిన అవసరం ఏర్పడుతోంది.

2. చిత్రం – గీతం: పూర్వసిద్ధాంతాలు

విష్ణుధర్మోత్తర పురాణం తృతీయఖండంలో వజ్రునికీ మార్కండేయునికీ మధ్య జరిగిన సంభాషణ ఈ అంశానికి మూలభూతమైనది. ప్రతిమాలక్షణాన్ని తెలుసుకోగోరిన వజ్రునితో మార్కండేయుడు, చిత్రసూత్రం తెలియనిదే ప్రతిమాలక్షణం బోధపడదంటాడు. చిత్రానికి నృత్తజ్ఞానం, నృత్తానికి వాద్యజ్ఞానం, వాద్యానికి గీతజ్ఞానం అవసరమని క్రమంగా వివరిస్తాడు. ఈ క్రమంలో గీతమే అన్నిటికీ ఆధారం. చిత్రకారుని రేఖలో నృత్తగతి, ఆ గతిలో లయ, ఆ లయలో గానం అంతర్లీనంగా ఉన్నాయన్నది దీని తాత్పర్యం. ఈ దృష్టితో చూస్తే చిత్రం నుంచి పాట పుట్టడం అంటే చిత్రంలో ముందే ఉన్న గీతాంశను తిరిగి వెలికితీయడమే అవుతుంది.

జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ 1766లో ప్రచురించిన ‘లావోకోవన్’ గ్రంథం దీనికి భిన్నమైన ప్రతిపాదన చేసింది. చిత్రం స్థలానికి సంబంధించిన కళ. అందులోని వస్తువులన్నీ ఏకకాలంలో కనిపిస్తాయి. కవిత్వం కాలానికి సంబంధించిన కళ. అందులో మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. కాబట్టి ఒకటి చేసే పనిని మరొకటి చేయబూనడం తగదని ఆయన అభిప్రాయం. మార్కండేయుడు కళల మధ్య ఏకత్వాన్ని చెప్పగా, లెస్సింగ్ వాటి మధ్య సరిహద్దును గీశాడు.

ఈ రెండింటి నడుమ భవభూతి ‘ఉత్తరరామచరితం’ ప్రథమాంకంలోని చిత్రదర్శన ఘట్టం మూడో మార్గాన్ని చూపుతుంది. తమ గతజీవితాన్ని చిత్రించిన వీథికను సీతారాములు చూస్తారు. శూర్పణఖ బొమ్మ కనబడగానే సీత వియోగభయంతో కలవరపడుతుంది. అది బొమ్మ మాత్రమేనని రాముడు ఊరడిస్తాడు. ఆ బొమ్మలు చూసిన ఫలితంగానే ఆమెకు మళ్ళీ వనాలను, గంగను దర్శించాలనే కోరిక కలుగుతుంది. ఆ కోరికే తరువాతి పరిత్యాగానికి సాకుగా మారుతుంది. ఇక్కడ చిత్రాన్ని చూసినవారు చిత్రాన్ని వర్ణించడంతో ఆగరు. చిత్రం వారిలో కదిలించిన దాన్ని మాట్లాడతారు. చిత్రప్రేరిత గీతాన్ని అర్థం చేసుకోవడానికి ఈ ఘట్టం అత్యంత ఉపయుక్తం. చూసిన బొమ్మలో ఏముంది అన్న ప్రశ్నతో పాటు, చూసినవారిలో ఏది కదిలింది అన్న ప్రశ్న కూడా వేయాలని ఇది సూచిస్తుంది.

3. పాప్ గీతం చిత్రాన్ని స్వీకరించే పద్ధతులు

ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధం నుంచి వచ్చిన ప్రసిద్ధ పాప్ గీతాలను పరిశీలిస్తే, చిత్రాన్ని స్వీకరించడంలో నాలుగు పద్ధతులు కనిపిస్తాయి.

3.1 ఉపమానం: చిత్రం పేరును సౌందర్యానికి కొలమానంగా వాడటం ఈ పద్ధతి. జే లివింగ్‌స్టన్, రే ఎవాన్స్ రచించగా 1950లో నాట్ కింగ్ కోల్ పాడిన ‘మోనాలిసా’ ఇందుకు ఉదాహరణ. ‘కెప్టెన్ కేరీ, యు.ఎస్.ఎ.’ చిత్రంలోని ఈ పాటకు ఆస్కార్ పురస్కారం లభించింది. ఇందులో డావిన్చీ చిత్రం నుంచి గ్రహించినది ఆ చిరునవ్వు ఒక్కటే. చిత్రంలోని వెనుకటి ప్రకృతి, చేతుల అమరిక, వెలుగునీడల పొందిక పాటకు అక్కరలేదు. తెలుగులో ‘రావణుడే రాముడైతే’ (1979) చిత్రానికి వేటూరి రాసిన ఒక యుగళగీతంలో రాజా రవివర్మ పేరు ఇదే విధంగా వస్తుంది. నాయిక అందం ఆ చిత్రకారుని కుంచెకు సైతం అందనిదని చెప్పడానికి ఆయన పేరు ఉపకరించింది. అలంకారశాస్త్ర పరిభాషలో ఇది ఉపమేయాధిక్యాన్ని చెప్పే వ్యతిరేకం. ఏ నిర్దిష్ట చిత్రాన్నీ చూడవలసిన అవసరం ఇందులో లేదు.

3.2 నామగ్రహణం: చిత్రం పేరును మాత్రమే గ్రహించి, వస్తువును వేరుగా కల్పించడం రెండో పద్ధతి. మెక్సికన్ చిత్రకారిణి ఫ్రీదా కాలో తన చివరి దినాల్లో, 1954లో, కోసిన పుచ్చకాయల చిత్రం మీద జీవితానికి జయం పలికే మాటలను రాసింది. అంతకుముందు ఏడాదే ఆమె కాలు తొలగించారు. ఆ మాటలనే బ్రిటిష్ బృందం కోల్డ్‌ప్లే 2008లో తమ ‘వీవా లా వీదా’ పాటకు పేరుగా పెట్టుకుంది. పాటలోని వస్తువు మాత్రం రాజ్యం కోల్పోయిన రాజు స్వగతం. అదే పేరుతో వచ్చిన ఆల్బమ్ ముఖచిత్రంగా దెలాక్రువా 1830లో చిత్రించిన ఫ్రెంచి విప్లవచిత్రాన్ని వాడారు. ఒకే సంపుటిలో ఒక చిత్రం పేరునూ, మరొక చిత్రం రూపాన్నీ ఇచ్చింది. పుచ్చకాయలు మాత్రం పాటలోకి రాలేదు. బాధ నడుమ జీవితాన్ని శ్లాఘించే ధైర్యమే పేరు వెంట వచ్చింది.

3.3 వృత్తాంతం: చిత్రకారుని జీవితాన్ని కథాగేయంగా చెప్పడం మూడో పద్ధతి. ఇంగ్లండులోని సాల్ఫర్డ్ పారిశ్రామిక ప్రాంతాన్ని చిత్రించిన ఎల్.ఎస్. లౌరీ (1887–1976) మరణానంతరం బ్రయన్ అండ్ మైకేల్ అనే జంట పాడిన పాట 1978లో బ్రిటన్‌లో ప్రథమస్థానం పొందింది. లౌరీ బొమ్మల్లోని సన్నని మనుషులను అగ్గిపుల్లలతో పోల్చే వాడుక ఈ పాటలో ప్రధానమైంది. లౌరీ నిత్యం చిత్రించిన ఫ్యాక్టరీ ద్వారం పాట చివర స్వర్గద్వారంగా మారుతుంది. ఆత్మీయత నిండిన ఈ పాట చిత్రకారుణ్ని అమాయకుడైన జానపద కళాకారునిగా నిలబెడుతుంది. వాస్తవానికి లౌరీ సాయంకాలపు తరగతుల్లో ఏళ్ళ తరబడి శిక్షణ పొందినవాడు. ఫ్రెంచి చిత్రకారుడు అడాల్ఫ్ వాలెట్ ఆయన గురువు. పాట ప్రేమతో పెంచిన కీర్తి వెంటనే కొంత కుదింపును కూడా తెచ్చిందని గమనించాలి.

3.4 సంబోధన: చిత్రాన్ని ఎదుట పెట్టుకొని చిత్రకారునితో నేరుగా మాట్లాడటం నాలుగో పద్ధతి. మెక్లీన్ ‘విన్సెంట్’ దీనికి ఉత్తమోదాహరణ. మొదటి మూడు పద్ధతుల్లో చిత్రం క్రమంగా అలంకారంగా, శీర్షికగా, కథగా మారింది. నాలుగో పద్ధతిలో అది ఉత్తరంగా మారుతుంది. ఆ ఉత్తరానికి పాట జవాబు రాస్తుంది.

4. ‘ది స్టారీ నైట్’: చిత్రరచన నేపథ్యం

1888 డిసెంబరులో ఆర్ల్ పట్టణంలో తన చెవిని కోసుకున్న తరువాత, వాన్ గో మానసిక అస్వస్థత మళ్ళీ మళ్ళీ తిరగబెట్టింది. 1889 మే నెలలో ఆయన స్వచ్ఛందంగా దక్షిణ ఫ్రాన్సులోని సెయింట్ రెమీ సమీపాన ఉన్న చికిత్సాలయంలో చేరాడు. అక్కడున్న ఏడాది కాలంలో సుమారు 150 చిత్రాలు గీశాడు. 1889 జూన్‌లో చిత్రించిన ‘ది స్టారీ నైట్’ వాటిలో ఒకటి. 73.7 సెంటీమీటర్ల ఎత్తు, 92.1 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ తైలవర్ణచిత్రం 1941 నుంచి న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ఉంది.

చిత్రరచనకు సంబంధించిన మూడు విషయాలు ఈ చర్చకు ముఖ్యం. మొదటిది, సూర్యోదయానికి చాలా ముందు తన కిటికీలోంచి పెద్దదిగా కనిపించిన వేగుచుక్కను గురించి ఆయన తమ్ముడు థియోకు ఉత్తరం రాశాడు. అంటే చిత్రానికి ప్రత్యక్షదర్శనం ఆధారం. రెండోది, ఆ కిటికీలోంచి ఊరు కనిపించదు. చర్చి గోపురంతో కూడిన ఆ గ్రామాన్ని ఆయన కూర్పు అవసరం కొద్దీ చేర్చాడు. మూడోది, చిత్రాన్ని రాత్రి పడకగదిలో కాక పగటివేళ కింది అంతస్తులోని పనిగదిలో గీశాడు. ఉన్మాదావేశంలో కుంచె విసిరిన ఫలితం ఈ చిత్రమనే జనశ్రుతికి ఈ మూడు వాస్తవాలూ విరుద్ధం. చూసినదాన్ని గుర్తుపెట్టుకొని, లేనిదాన్ని చేర్చి, పగటివెలుగులో రాత్రిని నిర్మించిన యోచన ఇందులో ఉంది. ఆ తరువాత కొన్ని నెలలకు ఎమీల్ బెర్నార్‌కు రాసిన ఉత్తరంలో, మరీ పెద్దవైన తన నక్షత్రాలను ఆయనే వైఫల్యంగా భావించాడు. నేడు ప్రపంచమంతటా గోడల మీద కనిపించే ఈ చిత్రం పట్ల రచయితకు అంత నమ్మకం లేదన్నది గమనార్హం.

5. ‘విన్సెంట్’ రచనా సందర్భం

డాన్ మెక్లీన్ 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ రోషెల్‌లో జన్మించాడు. 1970 ప్రాంతంలో మాసచూసెట్స్ రాష్ట్రంలోని పాఠశాలల్లో పాటలు పాడే పనిలో ఉన్నాడు. ఆయన స్వయంగా చెప్పినదాని ప్రకారం, ఒకనాడు వరండాలో కూర్చొని వాన్ గో జీవితచరిత్రను చదువుతుండగా ఆయన మీద పాట రాయాలన్న ఆలోచన కలిగింది. ‘ది స్టారీ నైట్’ ముద్రితప్రతిని ఎదుట పెట్టుకొని, కాగితపు సంచి మీద పాట రాశాడు. 1971లో ‘అమెరికన్ పై’ ఆల్బమ్‌లో ఇది వెలువడింది. 1972లో విడిగా విడుదలై బ్రిటన్‌లో ప్రథమస్థానాన్ని, అమెరికాలో పన్నెండో స్థానాన్ని పొందింది.

ఈ సందర్భంలో రెండు ఆకరాలున్నాయి. ఒకటి పుస్తకం, రెండోది ముద్రితప్రతి. జీవితచరిత్ర ముందు వచ్చింది, చిత్రం తరువాత వచ్చింది. చిత్రాన్ని జీవితంలోంచి చూడటానికి కవి అప్పటికే సిద్ధపడి ఉన్నాడు. అర్వింగ్ స్టోన్ నవల ‘లస్ట్ ఫర్ లైఫ్’ (1934), దాని ఆధారంగా 1956లో వచ్చిన చలనచిత్రం వాన్ గోను వేదనామయుడైన కళాకారునిగా అమెరికన్ ప్రజల మనసుల్లో అప్పటికే నిలిపాయి. ఇక ముద్రితప్రతిలో రంగులు, ఆకారాలు కనిపిస్తాయి కానీ వాన్ గో కుంచెలోని రంగుమందం, చేతితో తాకితే తగిలేలా ఉండే ఆ గట్లు కనిపించవు. పాటలో రంగుల పేర్లు పుష్కలంగా ఉండి, రంగుపూత స్వభావం ప్రస్తావనకు రాకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

6. గీతవిశ్లేషణ

6.1 ఆమ్రేడితం – విధ్యర్థకం

మెక్లీన్ చిత్రనామంలోని విశేషణాన్ని రెండుసార్లు పలికి ఆమ్రేడితంగా మార్చి, ప్రతి చరణాన్నీ దానితో ప్రారంభించాడు. చిత్రం పేరు ఈ మార్పుతో పిలుపుగా మారింది. మ్యూజియంలో చిత్రం కింద ఉండే పేరుపలక శ్రోత చెవికి లాలిపాట మొదటి పలుకుగా వినిపిస్తుంది. చిత్రాన్ని ఎన్నడూ చూడని శ్రోతకు కూడా ఈ ఆవృత్తి ఆకాశాన్ని నింపే చుక్కల భావనను కలిగిస్తుంది.

వెంటనే వచ్చే క్రియలు విధ్యర్థకాలు. రంగుల పలకను సిద్ధం చేయమనీ, బయటికి చూడమనీ, చెట్లను రేఖల్లో పట్టమనీ పాట ఆదేశిస్తుంది. ఈ ఆదేశం ఎవరికి? చిత్రకారునికి అనుకోవచ్చు, శ్రోతకు అనుకోవచ్చు. ఈ సందిగ్ధత వల్ల గొప్ప ప్రయోజనం సిద్ధించింది. లెస్సింగ్ చెప్పిన స్థల–కాల భేదాన్ని కవి ఇక్కడ చాకచక్యంగా దాటాడు. పూర్తయిన చిత్రాన్ని మాటల్లో వర్ణిస్తే ఏకకాలంలో ఉన్నదాన్ని వరుసలో పెట్టవలసి వస్తుంది. చిత్రం ఇంకా గీయబడుతున్నట్లు చెబితే ఆ వరుస సహజమవుతుంది. ఎందుకంటే చిత్రాన్ని గీయడమూ కాలంలో జరిగే పనే. హోమర్ అకిలీస్ డాలును తయారవుతున్న డాలుగా వర్ణించడాన్ని లెస్సింగ్ మెచ్చుకున్నాడు. మెక్లీన్ పద్ధతి దానికి దగ్గరగా ఉంది.

6.2 గ్రహించినవి – విడిచినవి

చిత్రంలోని ప్రధానాంశాలు ఏవి అని అడిగితే ఎవరైనా సుడులు తిరిగే ఆకాశం, చంద్రవంక, ఎడమవైపు నల్లని జ్వాలలా లేచిన సైప్రస్ వృక్షం, కింద నిద్రించే గ్రామం, చర్చి గోపురం అని చెబుతారు. ఆశ్చర్యకరంగా చంద్రుడు, సైప్రస్, గ్రామం, చర్చి అనే నాలుగూ పాటలో ప్రస్తావనకు రావు. చుక్కలు, కొండలు, చెట్లు అనే సామాన్యనామం, రెండో చరణంలో సుడులు తిరిగే మేఘాలు మాత్రం వస్తాయి. మొదట పేర్కొన్న రంగులు నీలం, బూడిద. చిత్రంలో నీలంతో పోటీపడే పసుపుకు ఆ తొలి పలుకుల్లో చోటు లేదు. బూడిదరంగు చిత్రంలో కంటే పాడేవాని మనఃస్థితిలో ఎక్కువగా ఉందనుకోవాలి.

దీనికి ప్రతిగా, చిత్రంలో లేనివి పాటలోకి వచ్చాయి. డాఫోడిల్ పూలు, శీతకాలపు చలి, మంచు ఈ చిత్రంలో లేవు. రెండో చరణంలోని జ్వలించే పూలు పొద్దుతిరుగుడు పూల చిత్రాలను, ఉదయకాలపు పంటచేలు గోధుమపొలాల చిత్రాలను, బాధతో ముడతలు పడిన ముఖాలు ‘ది పొటాటో ఈటర్స్’ (1885) వంటి తొలినాళ్ళ చిత్రాలను స్ఫురింపజేస్తాయి. మూడో చరణం నిర్జనమైన శాలల్లో వేలాడే ముఖచిత్రాలను చూపుతుంది. అంటే పాట ఒక చిత్రంతో మొదలై మొత్తం ప్రదర్శనశాల గుండా నడుస్తుంది. భవభూతి వీథికలో సీతారాములు ఒక బొమ్మ నుంచి మరొక బొమ్మకు సాగినట్లే, ఇక్కడి శ్రోత కూడా చరణం చరణానికీ ముందుకు సాగుతాడు. ఒకే చిత్రప్రేరణ అని ప్రసిద్ధమైన ఈ గీతం నిజానికి ‘ది స్టారీ నైట్’ను ద్వారంగా మాత్రమే వాడుకుంది.

6.3 సర్వనామాల నడక

గీతంలోని సర్వనామాలు నిశితంగా గమనించదగినవి. తొలిచరణంలో చీకటి గురించిన ప్రస్తావన వస్తుంది. ఆ చీకటి చిత్రకారునిది కాదు, పాడేవాని ఆత్మలోనిది. దాన్ని ఎరిగినవి చిత్రకారుని కళ్ళు. రెండో చరణంలో విన్సెంట్ ప్రథమపురుషలో, చూడదగిన మనిషిగా, కళ్ళ రంగుతో సహా కనిపిస్తాడు. పల్లవిలోనూ, దాని తరువాతి చరణంలోనూ అతడు మధ్యమపురుషకు చేరి, పేరు పెట్టి పిలిచే ఆత్మీయుడవుతాడు.

ఈ నడక వల్ల గీతతత్త్వం బయటపడుతుంది. పాడేవాడు ముందు తన చీకటిని ఒప్పుకున్నాడు. ఆ తరువాతే మరొకరి బాధను గురించి మాట్లాడే అర్హతను పొందాడు. ‘ది స్టారీ నైట్’లో మనిషి ఆకారం ఒక్కటీ లేదు. పాటలో ఇద్దరు మనుషులున్నారు. చిత్రంలో ఖాళీగా ఉన్న ఆ స్థానం, అంటే కిటికీ దగ్గర నిలబడి ఆకాశాన్ని చూసిన మనిషి స్థానం, పాటకు వస్తువైంది. ఊరంతా నిద్రపోతుండగా మేలుకొని ఉన్న ఒకరితో, ఎనభై ఏళ్ళ తరువాత మేలుకొని ఉన్న మరొకరు మాట్లాడుతున్నారు.

6.4 సంగీతం

చిత్రంలోని ఆకాశం అల్లకల్లోలంగా ఉంటుంది. దాని ఆధారంగా కట్టిన పాట మాత్రం ప్రశాంతంగా, మందగమనంతో నడుస్తుంది. గిటారు తీగలను వేళ్ళతో ఒక్కొక్కటిగా మీటిన నాదం, దానిపై సన్నని గొంతు ఇందులో ప్రధానం. మనకు పరిచితమైన శంకరాభరణ స్వరస్థానాలకు సన్నిహితమైన మేజర్ స్కేల్‌లో నడుస్తూ, మధ్యమధ్య మైనర్ స్వరసంపుటుల నీడను తగిలించుకుంటుంది. కుంచె విసురును సంగీతంలో అనుకరించడానికి మెక్లీన్ ప్రయత్నించలేదు. అలా చేసి ఉంటే వాద్యఘోషతో నిండిన పాట వచ్చేది. ఆకాశానికి కాక, దాని కింద నిద్రించే గ్రామానికి తగిన స్వరాన్ని ఆయన ఎన్నుకున్నాడు. మాటల్లో విడిచిపెట్టిన గ్రామం నాదంలో ఈ విధంగా తిరిగి వచ్చిందనవచ్చు. చిత్రానికి ఆధారం గీతమేనన్న మార్కండేయుని మాట ఇక్కడ కొంత సార్థకమవుతుంది. చిత్రంలోని కలవరం కింద ఉన్న నిశ్శబ్దాన్ని పాట వినిపించింది.

6.5 పల్లవిలోని మార్పు

పాప్ పాటలో పల్లవి సాధారణంగా మారదు. శ్రోత జ్ఞాపకానికి అదే ఆధారం. ఈ గీతంలో పల్లవి చివరిసారి వచ్చినప్పుడు మారుతుంది. అంతకుముందు, చిత్రకారుని మాటను ఒకనాటి లోకం వినలేదనీ, ఇప్పుడైనా వింటుందేమోననీ ఆశ వ్యక్తమవుతుంది. చివర ఆ ఆశ సందేహంగా మారుతుంది. లోకం ఇప్పటికీ వినడం లేదు, ఎన్నటికీ వినదేమో అని పాట ముగుస్తుంది. తాను చిత్రకారుణ్ని అర్థం చేసుకున్నానన్న ధీమాతో మొదలైన పల్లవి, ఆ అర్థాన్ని ఇతరులకు అందించగలనా అన్న సంశయంతో ఆగుతుంది. ఈ ఒక్క మార్పు గీతాన్ని స్మృతిగీతం స్థాయి నుంచి విషాదగీతం స్థాయికి చేర్చింది.

7. చరిత్రసత్యం – గీతసత్యం

గీతంలోని భావతీవ్రతకు ఆధారమైన భాగమే దాని ప్రధానలోపం కూడా. పల్లవి తరువాతి చరణంలో కవి చిత్రకారుని ఆత్మహత్యను నక్షత్రాల రాత్రితో ముడిపెట్టి, దాన్ని ప్రేమికుల మరణంతో పోల్చాడు. చరిత్ర ప్రకారం ‘ది స్టారీ నైట్’ 1889 జూన్ నాటిది. వాన్ గో 1890 జూలై 27న ఓవేర్ గ్రామంలో తుపాకీ గాయానికి గురై, జూలై 29న మరణించాడు. నడుమ పదమూడు నెలల కాలం ఉంది. ఆ కాలంలో ఆయన వందకు పైగా చిత్రాలు గీశాడు. గాయం ఆత్మహత్యాయత్నమేనన్నది ఎక్కువమంది అంగీకరించిన విషయమైనా, 2011లో జీవితచరిత్రకారులు స్టీవెన్ నైఫే, గ్రెగరీ వైట్ స్మిత్ దాన్ని ప్రశ్నించారు. ఈ కాలాన్నంతా పాట ఒకే రాత్రిగా కుదించింది. తత్ఫలితంగా పని దినచర్యలో భాగంగా, ఆలోచించి కూర్చిన చిత్రం శ్రోత దృష్టిలో మరణానికి ముందు రాసిన వీడ్కోలుగా మారిపోతుంది.

లోకం ఆయనను ప్రేమించలేదన్న భావం కూడా పూర్తిగా నిలవదు. థియో అన్నను ఏళ్ళ తరబడి పోషించాడు. 1890 జనవరిలో విమర్శకుడు ఆల్బర్ట్ ఓరియే ఆయన చిత్రాలను ప్రశంసిస్తూ వ్యాసం ప్రచురించాడు. అదే ఏడాది బ్రసెల్స్ ప్రదర్శనలో ‘ది రెడ్ వైన్‌యార్డ్’ అమ్ముడుపోయింది. థియో భార్య యొహానా ఉత్తరాలను భద్రపరచి 1914లో ప్రచురించడం వల్లనే మెక్లీన్ చదివిన జీవితచరిత్ర వంటివి సాధ్యమయ్యాయి. ఆ ప్రేమ లేకపోతే పాటే లేదు.

కావ్యసత్యం చరిత్రసత్యానికి లోబడనవసరం లేదన్న సమాధానం ఇక్కడ చెప్పవచ్చు. భవభూతి సైతం రామకథాంతాన్ని మార్చాడు. అయితే భవభూతి కథను మార్చి విషాదాన్ని కలయికగా చేశాడు. మెక్లీన్ కాలాన్ని కుదించి ఒక జీవితమంతటినీ దాని ముగింపు వైపు తిప్పాడు. ప్రతిభకూ వేదనకూ, వేదనకూ స్వచ్ఛందమరణానికీ సహజసంబంధం ఉందన్న భావనను ఈ కుదింపు బలపరుస్తుంది. సౌమ్యమైన స్వరంలో చెప్పడం వల్ల ఆ భావన ఇంకా సులభంగా మనసుకెక్కుతుంది. ఈ గీతాన్ని బోధించేవారు దాని సౌందర్యంతో పాటు ఈ అంశాన్ని కూడా విద్యార్థుల ముందుంచడం అవసరం. వాన్ గో ప్రధానంగా అస్వస్థతల నడుమ దొరికిన స్వస్థదినాల్లోనే గీశాడన్న వాస్తవం చిత్రానికీ, చిత్రకారునికీ న్యాయం చేస్తుంది.

అయినప్పటికీ పాట తన పరిమితిని తానే ఎరిగినట్లు కనిపిస్తుంది. తొలిచరణంలో చీకటి తనదేనని చెప్పడం, చివరి పల్లవిలో సందేహంతో ముగించడం ఇందుకు సాక్ష్యాలు. ఈ గీతం వాన్ గో జీవితం గురించి తీర్పు కాదు, ఆయన చిత్రం ముందు కూర్చున్న ఒక యువకుని ప్రతిస్పందన అని గ్రహిస్తే దాని విలువ తగ్గదు, స్పష్టమవుతుంది.

8. తెలుగు పరిశోధనకు అవకాశాలు

చిత్రగీత సంబంధం తెలుగు సంప్రదాయంలో వేరొక రూపంలో సజీవంగా ఉంది. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాలను వేలాడదీసి, బొమ్మను చూపుతూ కులపురాణాలను గానం చేసే కళారూపాలు ఉన్నాయి. అక్కడ చిత్రం పాటకు ప్రేరణ కాదు, సహచరి. పటం విప్పే వేగమే కథ నడిచే వేగం. స్థలకళ, కాలకళ అనే లెస్సింగ్ విభజన ఈ పటం ముందు నిలవదు. ‘విన్సెంట్’ వంటి గీతం చిత్రం లేకుండా వినబడుతుంది, పటకథ చిత్రం లేకుండా సాగదు. ఈ భేదం తులనాత్మక పరిశోధనకు యోగ్యమైనది. చిత్రకారుడు, కవి ఒక్కరే అయిన అడివి బాపిరాజు (1895–1952) గేయాల్లో వర్ణస్పృహను, తెలుగు సినీగీతాల్లో చిత్రకారుల ప్రస్తావనలను పై నాలుగు పద్ధతుల వెలుగులో పరిశీలించవచ్చు.

9. ముగింపు

1. పాప్ గీతాలు చిత్రకళను ఉపమానం, నామగ్రహణం, వృత్తాంతం, సంబోధన అనే నాలుగు పద్ధతుల్లో స్వీకరిస్తాయి. మొదటి దాని నుంచి నాలుగో దాని వరకు చిత్రంతో సాన్నిహిత్యం పెరుగుతుంది.

2. ‘విన్సెంట్’ గీతం ‘ది స్టారీ నైట్’లోని చంద్రుడు, సైప్రస్, గ్రామం, చర్చి వంటి ప్రధానాంశాలను విడిచి, ఇతర చిత్రాల అంశాలను చేర్చుకుంది. కాబట్టి దీనిని ఒకే చిత్రపు వర్ణనగా పరిగణించడం సరికాదు.

3. విధ్యర్థక క్రియల ద్వారా చిత్రాన్ని జరుగుతున్న పనిగా చూపి, స్థలకళను కాలకళలోకి తెచ్చే సమస్యను కవి పరిష్కరించాడు.

4. చిత్రంలో లేని మనిషి స్థానాన్ని పాట తన వస్తువుగా చేసుకుంది. సర్వనామాల క్రమం, సంగీతంలోని నెమ్మది దీనికి తోడ్పడ్డాయి.

5. చిత్రరచనకూ మరణానికీ నడుమ ఉన్న పదమూడు నెలల కాలాన్ని కుదించడం వల్ల, చిత్రాన్ని మరణసూచికగా చూసే దృష్టిని గీతం వ్యాప్తి చేసింది. చారిత్రక వాస్తవాలతో సరిపోల్చి చదవడం ద్వారా ఈ ప్రభావాన్ని సరిదిద్దుకోవచ్చు.

6. చిత్రప్రేరిత గీతం పరిశీలనలో చిత్రాన్ని యథాతథంగా చెప్పిందా అన్న ప్రశ్న కంటే, చూసినవారిలో చిత్రం దేన్ని కదిలించింది అన్న ప్రశ్న ఎక్కువ ఫలవంతమైనది. భవభూతి చిత్రదర్శన ఘట్టం ఈ పద్ధతికి మన సాహిత్యంలోనే ఉన్న బలమైన ఆధారం.